మస్కట్‌లో మెరిసిన జొన్నగిరి రాయి

తొలకరి పడితే కర్నూలు జిల్లా జొన్నగిరి పొలాల్లో వజ్రాల వేట మొదలవుతుంది. నా చిన్నప్పుడు నాన్న అక్కడే రేగుపండంత రాయి ఏరుకొచ్చారు. అది వజ్రం కాదు, స్ఫటికమని వ్యాపారి తేల్చినా పారేయలేదు. ఆయన పోయాక దాన్ని మస్కట్ తెచ్చుకున్నాను.

నేర్పేవారు లేరు. సానపట్టే యంత్రం కొని, ఖగోళ శాస్త్రవేత్త టామ్ హెర్బ్‌స్ట్ రాసిన రెండు సంపుటాలు ముందు పెట్టుకుని శుక్రవారాలు కూర్చున్నాను. ముందు వేరే రాయిపై చేయి తిప్పుకోవాల్సింది, ఆగలేకపోయాను. కింది పలకలను 38 డిగ్రీల వాలుకు కోశాను. మెరుపు లేదు. రాయిని కాగితంపై పెడితే మధ్యలోంచి అక్షరాలు కనిపించాయి!

కారణం ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిందే: సందిగ్ధ కోణం. స్ఫటికానికి అది సుమారు 40.4 డిగ్రీలు. పలకల వాలు అంతకన్నా తగ్గితే, పైనుంచి వచ్చిన వెలుగు వెనక్కి తిరగకుండా కిందికి జారిపోతుంది.

43 డిగ్రీలకు మళ్లీ కోస్తే రాయి ఇంకా తరిగిపోతుంది. నాన్న దాచింది నేనే అరగదీస్తున్నానా? రెండు వారాలు చేయి ఆడలేదు. చివరికి కోశాను. శనగగింజంత మిగిలింది కానీ, వెలిగింది.

వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. ‘మీ నాన్న ఉంటే మళ్లీ వజ్రమే అనేవారురా’ అంది.