తుఫాను తీరంలో, వాన మన మిద్దె మీద: అక్టోబరుకు ముందే చేసుకోవాల్సిన పనులు



తుఫాను అంటే మన ఓబులదేవరచెరువు వైపు చాలామందికి టీవీలో చూసే సంగతే. సముద్రం యాడుంది, మనం యాడున్నాం అనుకుంటాం. 2021 నవంబరు దాకా నేనూ అట్లే అనుకున్నా.

ఆ నెల 19న తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య ఒక వాయుగుండం తీరం దాటింది. అది తుఫాను కూడా కాదు, దానికి పేరు కూడా లేదు. అయినా చిత్రావతి పొంగింది. వరదలో చిక్కుకున్న 10 మందిని వాయుసేన హెలికాప్టర్‌తో కాపాడాల్సి వచ్చింది. మరుసటి రోజు మన పక్కనే కదిరిలో భవనం కూలి పిల్లలతో సహా ప్రాణాలు పోయాయి.

మా ఇంట్లో మనుషులకు ఏమీ కాలేదు. కానీ వామి వేసిన శెనక్కాయ మొలకెత్తింది. రాత్రి పూట కొట్టం మట్టిగోడ పడి రెండేళ్ల పెయ్య చనిపోయింది. చలికి ఓరగా ఉంటుందని ఆ గోడ పక్కన కట్టేసింది నేనే. తాడు లేకుంటే అది బయటికి పరిగెత్తి ఉండేది. అందుకే ఇప్పుడు ఏటా సెప్టెంబరులోనే ఈ పనులు మొదలుపెడతా. ఒక్కొక్కటీ వీడియోలో చేసి చూపించాను, చూడండి.

మొదట మిద్దె, గోడలు

మన దగ్గర గాలి కన్నా నానుడు వాన ప్రమాదం. మూడు రోజులు ఆగకుండా పడితే మట్టి మిద్దె నీళ్లు తాగి బరువెక్కుతుంది, దూలాలు ఆ బరువు మోయలేవు. ఎండ ఉన్నప్పుడే మిద్దెపై గడ్డి పీకి, పగుళ్లలో చవుడు మట్టి పోసి దిమ్మిస చేయండి. నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు తీసేయండి. గోడ అడుగున నీళ్లు నిలవకుండా చిన్న కాలువ తీయండి. గోడ ఉబ్బినా, దూలం దగ్గర మట్టి రాలుతున్నా ఆ గదిలో పడుకోవద్దు. వాన ఆగిన తర్వాత కూడా గోడలు పడతాయి. రెండు రోజులు బాగా ఎండ కాసేదాకా లోపలికి పోకండి.

పశువులు

గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే అయిపోవాలి. గొర్రెలు ఉన్నవాళ్లు నీలి నాలుక టీకా గురించి పశువుల డాక్టర్‌ను ఇప్పుడే అడగండి, ఈ వానల కాలంలోనే అది ఎక్కువ వస్తుంది. వారం రోజుల మేత తడవని చోట పెట్టుకోండి. ముసురు రాత్రి పశువులను మట్టిగోడకు దూరంగా ఉంచండి. నీళ్లు వచ్చే సూచన ఉంటే తాళ్లు విప్పేయండి.

శెనక్కాయ, విత్తనం

మన శెనక్కాయ పీకేదీ, వాయుగుండాలు వచ్చేదీ ఒకే కాలం. వాన సూచన ఉంటే రెండు మూడు రోజులు ఆగి పీకడమే మేలు. అయితే కాయ ముదిరిపోయి భూమిలోనే మొలకెత్తే రకమైతే ఆగొద్దు. పీకేసిన పంటను ఎత్తైన చోట, కింద రాళ్లు, కంప పరిచి వామి వేయండి. పైన పట్ట కప్పి నాలుగు మూలలా రాళ్లు కట్టండి. ఎండ రాగానే పట్ట తీసేయాలి, లేకుంటే లోపలి ఆవిరికే బూజు పడుతుంది. బూజు కాయలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. మనమూ తినొద్దు, పశువులకూ పెట్టొద్దు.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు విత్తనమే ఆస్తి. ఊపితే గలగలమనేదాకా ఎండబెట్టి, రెండు చోట్ల దాచండి. సగం మీ ఇంట్లో, సగం స్లాబు ఇల్లున్న చుట్టాల దగ్గర.

చేను, నీళ్లు

100 మి.మీ. వాన పడితే ఒక్క ఎకరం మీద పడేది 4 లక్షల లీటర్లు. ఆచ్ఛాదన, నవధాన్యాల వేర్లు ఉన్న నేల కొంత తాగుతుంది, మిగతాదానికి దారి కావాలి. కందకాల్లో పూడిక తీయండి. పంటకుంటకు నీళ్లు బయటికి పోయే దారి రాళ్లతో కట్టండి. చెరువు కట్టపై బొరియలు కనిపిస్తే, మరవకు కంప అడ్డుపడితే పంచాయతీలో చెప్పండి. అది ఊరందరి పని.

హెచ్చరిక వచ్చినప్పుడు

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 204.4 మి.మీ. దాటితే అతి తీవ్ర భారీ వర్షం. అనంతపురం ప్రాంతానికి ఏడాదంతా పడేదే 550 మి.మీ. అటూఇటూ. అంటే మూడో వంతు కన్నా ఎక్కువ ఒక్క రోజులోనే! పాస్‌బుక్, ఆధార్, బీమా కాగితాలు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకోండి. ఫోన్, టార్చి ఛార్జి చేసుకోండి. ఉరుముల ముందు జాగ్రత్తకు దామిని యాప్ ఉంది. తడి చేతులతో స్టార్టర్ పెట్టె ముట్టొద్దు. తీగ తెగి పడితే 1912కు, ప్రాణాపాయమైతే 112కు చేయండి. నిండుగా పారే వంకను బండిమీద దాటే సాహసం వద్దు.

వాన తెరిపి ఇచ్చాక

ముందు నిలిచిన నీళ్లు తీసేయండి. తర్వాతే పిచికారీ. తెగులు కనిపిస్తే 100 లీటర్ల నీటికి 6 లీటర్ల పుల్లటి మజ్జిగ కలిపి కొట్టండి. నేల ఆరాక ఎకరాకు 200 లీటర్ల జీవామృతం ఇస్తే వేర్లు తేరుకుంటాయి. పంట దెబ్బతింటే ఫోటోలు తీయండి. ఫసల్ బీమా ఉన్న పంటకైతే 72 గంటల్లోపు తెలపాలి, రైతు సేవా కేంద్రంలో అడగండి.

చివరిగా ఒక మాట. 2022 డిసెంబరులో మాండూస్ తుఫాను వస్తోందన్నప్పుడు మా అమ్మ మిద్దె దిగనంది. "యాడికి పోవల్లరా? మీ నాయన కట్టిన మిద్దె ఇది" అంది. "పెయ్యను చూసినావు కదమ్మా" అన్నా. ఇంకేం మాట్లాడకుండా చెంబు, దుప్పటి తీసుకుని అక్కోళ్ల స్లాబు ఇంటికి నడిచింది. ఆ తాప మిద్దెకు ఏమీ కాలేదు. "ఊరికే తిప్పితివి కదరా" అని రెండు రోజులు తిట్టింది. ఏటా ఆ తిట్లు తినడానికి నేను సిద్ధం.