మడమ వెనక నొప్పా? సైకిల్ సీటు చూసుకోండి!

పొద్దున్నే మంచం దిగి నాలుగడుగులు వేసేసరికి మడమ వెనక పట్టేసినట్టుంటోందా? సైకిల్ తొక్కే ఆడవాళ్లు చాలామంది "నరం పట్టింది" అని ఆముదం రాసి ఊరుకుంటారు. అది నరం కాదండీ, పిక్కని మడమ ఎముకకి కట్టి ఉంచే స్నాయువు. డాక్టర్లు అఖిలిస్ టెండన్ అంటారు.

మన బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో కొండల్లేవు, నిజమే. కానీ మధ్యాహ్నంపూట కాలవ గట్టు మీద సముద్రపు గాలికి ఎదురు తొక్కితే కొండెక్కినట్టే! పైగా అది మీవారి సైకిలో, తమ్ముడి సైకిలో అయితే సీటు ఎత్తు. పెడల్ కిందికి వెళ్లినప్పుడల్లా మునివేళ్లు చాపాలి. ఆ భారమంతా పిక్క మీదా, స్నాయువు మీదా పడుతుంది.

ముందు సీటు దించండి. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి. కొన్నాళ్లు దూరం తగ్గించండి. మరీ మంచానికి అంటుకుపోనక్కర్లేదు.

తర్వాత, గోడ పట్టుకుని మెట్టు అంచున మునికాళ్ల మీద నిలబడండి. రెండు కాళ్లతో లేచి, నొప్పి ఉన్న కాలి మీద బరువేసి మడమని మెల్లగా దించండి. 15 సార్ల చొప్పున 3 విడతలు, ఉదయం, సాయంత్రం, 12 వారాలు. 1998లో స్వీడన్ డాక్టర్ ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం చూపించిన పద్ధతిది. నొప్పి సరిగ్గా మడమ ఎముక దగ్గరే ఉంటే మాత్రం మెట్టు కన్నా కిందికి దించొద్దు.

చటుక్కున తెగినట్టనిపించి మునివేళ్ల మీద లేవలేకపోతే ఆ రోజే డాక్టరుకి చూపించండి. ఈమధ్య సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మాత్రలు వాడి ఉంటే ఆ సంగతీ చెప్పండి. వాటివల్ల కూడా ఈ స్నాయువు దెబ్బతింటుంది.