ఆకాశం నుంచి చెరువును కొలవటం

పిల్లలూ! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో చెరువు లేని ఊరు అరుదు. సూర్యాపేట దగ్గర పిల్లలమఱ్ఱిలో, కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు ఎనిమిది వందల ఏళ్ళ క్రితమే గుళ్ళు కట్టించి, చెరువులు తవ్వించారు. వానాకాలంలో చెరువు నిండి అలుగు పారుతుంది. ఎండాకాలంలో శిఖం బయటపడుతుంది. ఇది ఏటా జరిగేదే. కాని చెరువు ఏటేటా కొంచెం కొంచెంగా చిక్కిపోతూ ఉంటే? కట్ట మీద నిలబడినవాడికి ఆ సంగతి తెలియదు. నిన్నటికీ ఇవాళటికీ తేడా కనిపించదు గదా!

దీనికి ఒక ఉపాయం ఉన్నది. భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు ఒకే చోటును మళ్ళీ మళ్ళీ ఫొటో తీస్తాయి. నేలనూ నీటినీ ఇలా పరిశీలించటానికి మన దేశం 1988లో ఐ.ఆర్.ఎస్. 1-ఎ అనే ఉపగ్రహాన్ని పంపింది. ఆ తరువాత ఇంకా చాలా వెళ్ళాయి. అవి పంపే సమాచారాన్ని హైదరాబాదుకు దక్షిణాన షాద్‌నగర్‌లో ఉన్న కేంద్రం అందుకుంటుంది.

ఫొటోలో నీటిని ఎలా గుర్తుపడతారు? సూర్యకాంతిలో మన కంటికి కనపడని పరారుణ కిరణాలున్నాయి. నీరు వాటిని మింగేస్తుంది. పచ్చని ఆకులు తిప్పి కొడతాయి. అందుచేత నీరు నల్లగానూ, పైరూ చెట్లూ మెరుస్తూనూ పడతాయి. ఫొటో అంతా చిన్న చిన్న గళ్ళు. నల్ల గళ్ళను లెక్కపెడితే చెరువు విస్తీర్ణం తేలిపోతుంది.

కోదాడ మీదుగా విజయవాడ వెళ్ళే రోడ్డు పట్టుకుని, ఇంకా తూర్పుకు పోతే ఏలూరు దగ్గర కొల్లేరు వస్తుంది. బుడమేరు, తమ్మిలేరు ఈ పెద్ద మంచినీటి సరస్సులో కలుస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. ఇక్కడికి గూడబాతులు వేల సంఖ్యలో చేరుతాయి. 2001 ఫిబ్రవరి 9న ఉపగ్రహం తీసిన ఫొటోను శాస్త్రజ్ఞులు పరీక్షించారు. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 1,050 చేపల చెరువులే దాదాపు 100 చదరపు కిలోమీటర్లు ఆక్రమించాయి! మిగతా చోట్ల పొలాలు, కాలువలు, జమ్ము, గుర్రపుడెక్క. తేటనీరు మచ్చుకైనా కనిపించలేదు.

మరి ఉప్పు సంగతి? చెంచాడు ఉప్పు బిందెడు నీళ్ళలో వేస్తే రుచి అంతగా తెలియదు. గ్లాసుడు నీళ్ళలో వేస్తే నోట పెట్టలేరు. సరస్సులో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రం 1960లో సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు ఉండేది. దానిలో కలిసే నదులను పత్తి పొలాలకు మళ్ళించారు. సముద్రం పదోవంతుకు చిక్కి, మిగిలిన నీరు చాలాచోట్ల చేపలు బతకలేనంత ఉప్పన అయింది. కొల్లేటికి ఇంకొక చిక్కు: పైనుంచి మంచినీరు తగ్గితే, సముద్రపు పోటు ఉప్పుటేరు గుండా లోపలికి వస్తుంది.

చిత్రమేమంటే, చిన్న సరస్సులోని ఉప్పును ఉపగ్రహం నేరుగా కొలవలేదు. మహాసముద్రాల ఉప్పును కొలిచే ఉపగ్రహాలున్నా, వాటి ఒక్కొక్క గడి పదుల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. కనుక మనిషి పడవలో వెళ్ళి, సీసాలో నీరు పట్టవలసిందే. ఉప్పు ఎక్కువైన కొద్దీ నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది. దానిని బట్టి ఉప్పు ఎంతో చెప్పవచ్చు.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో కొల్లేటిలోని చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. సరస్సు ఊపిరి పీల్చుకున్నది. కాని ఆ చెరువుల మీద బతికే కుటుంబాలకు కష్టం వచ్చింది. చిక్కిన సరస్సును తిరిగి నింపటం అంత తేలిక కాదు. చిక్కక ముందే కనిపెట్టటం తేలిక.

మీరూ కనిపెట్టవచ్చు. పెద్దలను వెంటబెట్టుకుని, ఏటా సంక్రాంతి నాడు మీ ఊరి చెరువు నీరు ఎంతదాకా ఉన్నదో చూసి, తారీఖు వేసి రాసిపెట్టుకోండి. పదేళ్ళకు మీ నోటుపుస్తకం కూడా ఒక ఉపగ్రహమే!