‘సినిమా ప్యారడైసో’: ఒకే ప్రేమకథకు రెండు రూపాలు.. ప్రేక్షకుల తీర్పు ఎందుకు చీలింది?

ఇటలీ దర్శకుడు జుసెప్పే టోర్నటోరే రూపొందించిన ‘సినిమా ప్యారడైసో’కు ప్రపంచమంతటా అభిమానులు ఉన్నారు. అయితే ‘మీరు చూసింది ఏ సినిమా ప్యారడైసో?’ అన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఆ అభిమానులే రెండు వర్గాలుగా విడిపోతారు. సుమారు 124 నిమిషాల నిడివితో ఒకటి, 170 నిమిషాలకు పైబడిన నిడివితో మరొకటి ప్రాచుర్యంలో ఉండటమే అందుకు కారణం. మొదటిదానిలో కథానాయకుడి తొలిప్రేమ ఎందుకు విఫలమైందో తెలియదు. రెండోదానిలో తెలుస్తుంది. ఆ సమాధానం ప్రేక్షకులకు అవసరమా, కాదా అన్నదే దశాబ్దాలుగా సాగుతున్న చర్చ. (ఈ కథనంలో చిత్రం ముగింపు వివరాలు ఉన్నాయి.)

కథ ఏమిటి?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తొలి సంవత్సరాలు. సిసిలీ ద్వీపంలోని జంకాల్డో అనే కల్పిత పట్టణం. తండ్రి యుద్ధానికి వెళ్లి తిరిగిరాని టోటో అనే బాలుడికి ఊళ్లోని సినిమా హాలే లోకం. ప్రొజెక్టర్ ఆపరేటర్ ఆల్ఫ్రెడో అతడికి పని నేర్పుతాడు, తండ్రి లేని లోటు తీరుస్తాడు. ఊరి మతగురువు ప్రతి చిత్రాన్నీ ముందుగా చూసి, ముద్దు సన్నివేశం రాగానే గంట మోగిస్తాడు. ఆల్ఫ్రెడో ఆ ముక్కను కత్తిరిస్తాడు. ఒకనాటి అగ్నిప్రమాదంలో ఆల్ఫ్రెడో చూపు కోల్పోగా, పునర్నిర్మించిన హాలులో టోటో ఆపరేటర్ అవుతాడు.

యౌవనంలో టోటో సంపన్న కుటుంబానికి చెందిన ఎలెనాను ప్రేమిస్తాడు. ఆమె కుటుంబం ఊరు విడిచిపోతుంది. అతడు సైన్యంలో చేరాల్సి వస్తుంది. రాసిన ఉత్తరాలు తిరిగి వస్తాయి. ఊరు విడిచి వెళ్లిపొమ్మని, మళ్లీ వెనక్కి చూడవద్దని ఆల్ఫ్రెడో అతడికి చెబుతాడు. 30 ఏళ్ల తరువాత, రోమ్‌లో ప్రసిద్ధ దర్శకుడిగా స్థిరపడిన సాల్వతోరే, అంటే నాటి టోటో, ఆల్ఫ్రెడో మరణవార్త విని సొంత ఊరికి వస్తాడు.

బాలుడిగా సాల్వతోరే కాషో, యువకుడిగా మార్కో లియోనార్డి, నడివయసులో జాక్ పెరిన్ ఈ పాత్రను పోషించారు. ఆల్ఫ్రెడోగా ఫ్రెంచ్ నటుడు ఫిలిప్ న్వారే నటించారు. సంగీతం ఎన్నియో మొరికోనేది. ప్రేమ ఘట్టాల్లో వినిపించే బాణీ ఆయన కుమారుడు ఆండ్రియా స్వరపరిచినది.

తొలి ప్రేక్షకులు ఏమన్నారు?

1988 నవంబరులో సుమారు 155 నిమిషాల నిడివితో ఇటలీలో విడుదలైన ఈ చిత్రాన్ని ప్రేక్షకులు ఆదరించలేదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. సిసిలీలోని మెస్సీనా నగరంలో అరోరా సినిమా హాలు యజమాని ప్రేక్షకులను ఉచితంగా లోపలికి ఆహ్వానించి, సినిమా నచ్చితేనే బయటకు వెళ్లేటప్పుడు డబ్బు చెల్లించమన్నారు. అక్కడ చిత్రం నెలల తరబడి నడిచింది.

మిగతాచోట్ల ఎదురైన ఫలితంతో నిడివిని సుమారు 124 నిమిషాలకు కుదించారు. విడుదల తరువాత కత్తెర పట్టడం తెలుగు ప్రేక్షకులకూ పరిచితమైన విషయమే. అయితే ఇక్కడ ఆ కత్తెర చిత్రం తలరాతనే మార్చింది. 1989 కాన్ చలన చిత్రోత్సవంలో ఫ్రెంచ్ దర్శకుడు బెర్త్రాన్ బ్లియే చిత్రంతో కలిసి జ్యూరీ ప్రత్యేక బహుమతిని పంచుకుంది. 1990లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది. ఆ తరువాత బ్రిటన్‌కు చెందిన బాఫ్టా పురస్కారాలు ఐదు దక్కాయి. ప్రపంచం ప్రేమించినది ఈ కుదించిన రూపాన్నే.

2002లో అమెరికాలో సుదీర్ఘ రూపం విడుదలైంది. విదేశీ ప్రేక్షకుల్లో అత్యధికులు ఈ కథలోని మరో సగాన్ని మొదటిసారి చూసింది అప్పుడే.

అదనపు సన్నివేశాల్లో ఏముంది?

అంత్యక్రియలకు వచ్చిన సాల్వతోరేకు ఊళ్లో అచ్చం ఎలెనాను పోలిన యువతి కనిపిస్తుంది. ఆమె ఎలెనా కుమార్తె. ఆ ఆచూకీతో అతడు ఎలెనాను కలుసుకుంటాడు. నడివయసు ఎలెనాగా ఫ్రెంచ్ నటి బ్రిజిత్ ఫాసే కనిపిస్తారు. సాల్వతోరే బాల్యంలో తనతో చదివిన సహపాఠినే ఆమె పెళ్లాడిందని తెలుస్తుంది. దానికంటే పెద్ద నిజం మరొకటి ఉంది. విడిపోయిన రోజున ఎలెనా ఆలస్యంగానైనా సినిమా హాలుకు వచ్చింది. అప్పుడు టోటో అక్కడ లేడు. ఆల్ఫ్రెడో ఉన్నాడు. టోటో భవిష్యత్తు కోసం అతడిని వదిలేయమని ఆమెకు నచ్చజెప్పాడు. ఆమె వచ్చిన సంగతి టోటోకు చెప్పలేదు. అయినా ఆమె తన చిరునామా రాసిన చీటీని ప్రొజెక్టర్ గదిలో వదిలి వెళ్లింది. 30 ఏళ్ల తరువాత, కూల్చివేతకు సిద్ధమైన హాలులో ఆ చీటీ అతడి కంటపడుతుంది.

అభిప్రాయాలు ఎందుకు చీలాయి?

పొట్టి రూపాన్ని సమర్థించే వారి వాదన సూటిగా ఉంటుంది. తొలిప్రేమ ఎందుకు విఫలమైందో జీవితంలో అందరికీ తెలియదు. సాల్వతోరేకు కూడా తెలియకపోవడం వల్లనే ప్రతి ప్రేక్షకుడూ తన కథను అతడిలో చూసుకోగలిగాడు. ఎలెనా ఎప్పటికీ యువతిగానే మిగిలిపోతుంది. ఆల్ఫ్రెడో ఎప్పటికీ మంచివాడిగానే మిగిలిపోతాడు. అమెరికన్ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ కూడా పొట్టి రూపమే మెరుగైనదని అభిప్రాయపడ్డారు.

సుదీర్ఘ రూపాన్ని ఇష్టపడేవారు మరో విషయాన్ని గుర్తు చేస్తారు. పేరు, డబ్బు సంపాదించిన సాల్వతోరే జీవితంలో ప్రేమ లేదన్న సంగతి రెండు రూపాల్లోనూ ఉంది. తాను ఫోన్ చేసినప్పుడల్లా వేరొక స్త్రీ గొంతు వినిపిస్తుందని, నిన్ను నిజంగా ప్రేమించే గొంతు ఒక్కటీ వినలేదని తల్లి అతడితో అంటుంది. ఆ వెలితికి కారణం సుదీర్ఘ రూపంలోనే తెలుస్తుందని, అది చూశాక కథ తీపి జ్ఞాపకం స్థాయిని దాటిపోతుందని వీరి అభిప్రాయం.

అసలు వివాదం ఆల్ఫ్రెడో చుట్టూ ఉంది. ఒక మనిషి మేలు కోరి అతడి ప్రేమను అతడికి తెలియకుండా తుంచేసే హక్కు మరొకరికి ఉంటుందా? ఆల్ఫ్రెడో అలా చేయకపోతే టోటో ఊళ్లోనే ఆపరేటర్‌గా మిగిలిపోయేవాడని, గొప్ప దర్శకుడు అయ్యేవాడు కాదని కొందరు అంటారు. ఆ గొప్పతనం కావాలో, ఎలెనా కావాలో తేల్చుకోవాల్సినది టోటోయే కదా అని మరికొందరు ప్రశ్నిస్తారు. పిల్లల మేలు కోసమేనంటూ పెద్దలు నిర్ణయాలు తీసుకునే సమాజాల్లో ఈ ప్రశ్న తెర మీదనే ఆగిపోదు.

ముగింపు రెండింటిలోనూ ఒకటే

ఆల్ఫ్రెడో తన శిష్యుడి కోసం ఒక రీలు వదిలి వెళతాడు. మతగురువు ఆదేశంతో కత్తిరించిన ముద్దు సన్నివేశాలన్నీ అందులో వరుసగా అతికించి ఉంటాయి. రోమ్‌లో ఒంటరిగా కూర్చుని సాల్వతోరే దాన్ని చూస్తూ కన్నీరు పెట్టుకుంటాడు.

దృశ్యం ఒకటే అయినా అర్థం మారుతుంది. పొట్టి రూపంలో అది గురువు ఇచ్చిన కానుక. సుదీర్ఘ రూపంలో అదే రీలు క్షమాపణలా కనిపిస్తుంది. తీసుకున్న ప్రేమకు బదులుగా ఆల్ఫ్రెడో తన దగ్గర ఉన్నదాన్ని తిరిగి ఇస్తున్నట్టు అనిపిస్తుంది. కత్తిరించిన ముక్కల విలువను చెప్పిన సినిమాకే కత్తెర పడటం, పడిన ముక్కలు ఏళ్ల తరువాత ప్రేక్షకులకు చేరడం యాదృచ్ఛికమే అయినా, ఈ చర్చకు బలం చేకూర్చింది.

ఏది ముందు చూడాలి?

ఇంతవరకు చూడనివారు పొట్టి రూపంతో మొదలుపెట్టడం మంచిది. తెలియకపోవడంలోని బాధను ముందుగా అనుభవిస్తేనే, తెలుసుకోవడానికి చెల్లించే మూల్యం అర్థమవుతుంది. సుదీర్ఘ రూపాన్ని ముందుగా చూసినవారు ఆల్ఫ్రెడోను మునుపటి అమాయక దృష్టితో మళ్లీ చూడలేరు. రెండూ చూశాక ఆల్ఫ్రెడోను క్షమించాలా, వద్దా అన్న తీర్పు మాత్రం ఎవరికి వారు ఇచ్చుకోవాల్సిందే.