ముప్పై రోజుల గడువు

పిల్లలూ! ఒకనాడు తరగతిలో లేఖ వ్రాయడం నేర్పుతూ ఉన్నాను. "టీచర్, మనవంటి వాళ్లం ఉత్తరం వ్రాస్తే ప్రభుత్వం వారు చదువుతారా?" అని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్నే. దానికి జవాబుగా మలేసియాలోని సెలంగోర్ రాష్ట్రంలో జరిగిన ఒక సంగతి చెబుతాను, వినండి.

కౌలాలంపూర్‌కు నైరుతి దిక్కున కువాలా లంగట్ అనే జిల్లా ఉన్నది. అక్కడ ఒక చిత్తడి అడవి ఉన్నది. దాని పేరు కువాలా లంగట్ ఉత్తర రిజర్వు అడవి. ప్రభుత్వం 1927లో దానిని రిజర్వు అడవిగా ప్రకటించింది. ఆనాడు అది ఏడు వేల హెక్టార్లకు పైగా ఉండేది. ఒక హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. కాలక్రమాన కొంత కొంతగా తరిగిపోయి, 2020 నాటికి వెయ్యి హెక్టార్ల లోపు మాత్రమే మిగిలింది.

ఈ అడవిలోని నేల మామూలు మన్ను కాదు. రాలిన ఆకులు, కొమ్మలు, వేళ్లు నీటిలో మునిగి ఉండడం వలన పూర్తిగా కుళ్లిపోవు. అవి వేల సంవత్సరాలుగా పొరలు పొరలుగా పేరుకొని నల్లని, మెత్తని నేలగా మారుతాయి. దీనిని పీట్ నేల అంటారు. మలాయ్ భాషలో 'తానా గంబుత్' అంటారు. వానలు కురిసినప్పుడు ఈ నేల స్పాంజివలె నీటిని పీల్చుకొంటుంది. వానలు లేనప్పుడు మెల్లమెల్లగా విడిచిపెడుతుంది. కాలువలు త్రవ్వి ఆ నీటిని తీసివేస్తే నేల ఎండిపోతుంది. ఎండిన పీట్ నేలకు నిప్పు అంటుకొంటే, మంట పైకి కనబడకుండా లోలోపలే రోజుల తరబడి రగులుతుంది. 2015లోను, 2019లోను పొగ కమ్ముకొని మలేసియాలో ఎన్నో బడులు మూసివేశారు. ఆ పొగలో చాలా భాగం ఇండోనేసియాలో తగలబడిన ఇటువంటి నేలల నుండి వచ్చినదే.

ఈ అడవి చుట్టుప్రక్కల తెమువాన్ అనే ఆదివాసులు నివసిస్తున్నారు. మందు మొక్కలకు, ఆహారానికి, తమ ఆచారాలకు వారు తరతరాలుగా ఈ అడవినే నమ్ముకొని ఉన్నారు.

2020 ఫిబ్రవరి నెలలో పత్రికలలో ఒక ప్రకటన వచ్చింది. ఈ అడవిలో సుమారు 930 హెక్టార్లను, అనగా మిగిలిన దానిలో 97 శాతాన్ని, రిజర్వు నుండి తొలగించాలనే ప్రతిపాదన ఉన్నదనీ, అభ్యంతరాలు ఉన్నవారు 30 రోజులలో తెలుపవచ్చుననీ దాని సారాంశం. తొలగించిన భూమిలో ఇళ్లు, అంగళ్లు మొదలైనవి కట్టాలన్నది ఉద్దేశం.

ప్రభుత్వం ఎందుకు అడిగింది? మలేసియా రాజ్యాంగం ప్రకారం భూమి, అడవులు రాష్ట్రాల అధికారంలో ఉంటాయి. రిజర్వు అడవిని తొలగించే ముందు ప్రజల అభిప్రాయం వినవలెనని సెలంగోర్ శాసనసభ 2011లో చట్టాన్ని సవరించింది. ఆ చట్టమే లేకపోతే ఈ ప్రకటన వచ్చేది కాదు.

ప్రకటన చదివిన వారు ఊరకుండలేదు. మలేసియన్ నేచర్ సొసైటీ వంటి సంఘాలు ప్రజలకు విషయం వివరించాయి. తెమువాన్ గ్రామస్థులు తమ అభ్యంతరాన్ని అధికారులకు అందజేశారు. మొత్తం 45 వేలకు పైగా అభ్యంతరాలు చేరాయి. అడవిలో కొంత భాగం మంటలకు దెబ్బతిన్నదని ప్రభుత్వం వారన్నారు. కాలువలు మూసి, నీరు నిలిపి, మొక్కలు నాటితే దెబ్బతిన్న భాగం మళ్లీ కోలుకొంటుందని సంఘాల వారు బదులు చెప్పారు. 2020 నవంబరులో రాష్ట్ర శాసనసభ అడవిని తొలగించరాదని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇంతటితో కథ ముగిసిందనుకొన్నారు చాలామంది. కాని ముగియలేదు. అంతకు కొన్ని నెలల ముందే, అంటే మే నెలలోనే, సుమారు 536 హెక్టార్లు రిజర్వు నుండి తొలగించారని 2021 ఆగస్టు చివర బయటపడింది. అది అడవిలో సగానికి మించిన భాగం. ప్రజలు మళ్లీ గొంతెత్తారు. ఆదివాసులు, సంఘాలు, శాసనసభ్యులు, విద్యార్థులు ప్రశ్నించారు. చివరకు 2021 సెప్టెంబరు 8వ తేదీన రాష్ట్ర ప్రభుత్వాధినేత అయిన మంత్రి బెసార్ ఆ నిర్ణయాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించారు.

దీనివలన మనకు రెండు సంగతులు తెలుస్తున్నాయి. ప్రభుత్వం అడిగినప్పుడు గడువులోగా జవాబు చెప్పాలి. జవాబు చెప్పిన తరువాత కూడా కన్ను వేసి ఉంచాలి. చేను విత్తినవాడు కావలి కూడా కాయాలి కదా!

అడవుల విషయమే కాదు. మీ ఊరిలో రోడ్లు ఎక్కడ, కర్మాగారాలు ఎక్కడ, ఆటస్థలాలు ఎక్కడ ఉండాలో తెలిపే స్థానిక ప్రణాళిక ఒకటి ఉంటుంది. 1976 నాటి పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టం ప్రకారం, దాని ముసాయిదాను ప్రజలకు చూపి అభ్యంతరాలు స్వీకరించాలి. మీ ఇంటి వద్ద మురుగు కాలువ గురించైనా, మైదానం గురించైనా ఇదే దారి.

అభ్యంతర లేఖ వ్రాయడం కష్టం కాదు. ఏ ప్రకటన గురించి వ్రాస్తున్నామో, దాని తేదీ ఏమిటో మొదట చెప్పాలి. మనం ఎవరమో, ఎక్కడ ఉంటామో తెలపాలి. తరువాత కారణాలు ఒక్కొక్కటిగా వ్రాయాలి. "ఇది అన్యాయం" అన్నంత మాత్రాన చాలదు. "వాన వస్తే మా వీధిలో మోకాలిలోతు నీరు నిలుస్తుంది, ఈ చెరువు పూడ్చితే ఆ నీరు ఎక్కడికి పోతుంది?" అని అడిగితే అధికారి ఆలోచించక తప్పదు. లేఖకు నకలు మన దగ్గర ఉంచుకోవాలి.

మన తాతముత్తాతలు రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు పనికి వచ్చిన కాలంలో చాలామందికి చదువు లేదు. ఒక అర్జీ వ్రాయాలన్నా మరొకరిని బ్రతిమాలుకోవలసి వచ్చేది. మీకు ఆ కొరత లేదు. మూడు నాలుగు భాషలలో చదవగలరు, వ్రాయగలరు. పత్రికలో వచ్చే ప్రకటనను ఇంట్లో అవ్వకు, తాతకు తెలుగులో చెప్పగలరు. వారి మాటను ప్రభుత్వానికి మలాయ్ భాషలో వ్రాయగలరు.

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు నా జవాబు ఇది: ఒక ఉత్తరాన్ని చదవకుండా ప్రక్కన పెట్టవచ్చునేమో, 45 వేల ఉత్తరాలను పెట్టలేరు. కాని ఆ 45 వేలలో ప్రతి ఒక్కటీ మొదట ఒక ఉత్తరమే.

అభ్యాసం

1. పీట్ నేల ఎట్లా ఏర్పడుతుంది? అది ఎండిపోతే ఏమవుతుంది?
2. శాసనసభ తీర్మానం తరువాత కూడా ప్రజలు మళ్లీ గొంతెత్తవలసిన అవసరం ఎందుకు వచ్చింది?
3. మీ వీధిలో ఉన్న ఒక ఇబ్బందిని గురించి పురపాలక సంఘం వారికి పది వాక్యాలలో లేఖ వ్రాయండి. కనీసం రెండు కారణాలు చూపండి.