ఢిల్లీ జాబితా, సాల్ట్ లేక్ కుళాయి

ఎక్కడ ప్రకృతి వైపరీత్యం సంభవించినా, రెండు మూడు రోజులకు ఢిల్లీ నుండి విమానం బయలుదేరడం మన రాజకీయాలలో ఆనవాయితీ. 2020 మే 20న అంఫన్ తుపాను పశ్చిమ బెంగాల్ తీరాన్ని దాటింది. 22న ప్రధాని మోదీ, ముఖ్యమంత్రి మమతా బెనర్జీ విహంగ వీక్షణం జరిపారు. వెయ్యి కోట్ల రూపాయల ముందస్తు సహాయం ప్రకటితమైంది. అదే సమయానికి కోల్‌కతా తూర్పు అంచున వున్న సాల్ట్ లేక్‌లో అనేక కుటుంబాలు బిందెడు మంచినీటికి వెతుక్కుంటున్నాయి.

సాల్ట్ లేక్ పేదల పేట కాదు. ఉప్పునీటి చిత్తడి నేలలను హుగ్లీ నది గర్భంలోని మట్టితో పూడ్చి, యుగోస్లావియా నిపుణుల ప్రణాళిక ప్రకారం నిర్మించిన నగరం. 1962లో బిధాన్ చంద్ర రాయ్ పనులు ప్రారంభించారు. విధాన్‌నగర్ అన్న పేరు ఆయనదే. 1972 డిసెంబరులో కాంగ్రెస్ మహాసభ జరిగినదీ ఇక్కడే. అధికారులు, ఆచార్యులు, విశ్రాంత ఉద్యోగులు నివసించే ఇటువంటి పట్టణంలో సైతం ఒక్క రాత్రి గాలికి చెట్లు కూలి, విద్యుత్తు పోయింది. విద్యుత్తు లేనిదే మోటారు తిరగదు. మోటారు తిరగనిదే మేడమీది ట్యాంకులోకి నీరెక్కదు. సెల్‌ఫోన్లు మూగవోయాయి. 23న సైన్యాన్ని పిలిపించి చెట్లు నరికించవలసి వచ్చింది. పైగా అవి కరోనా లాక్‌డౌన్ రోజులు. బంధువుల ఇంటికి పోదామన్నా దారి లేదు.

ప్రతి గృహస్థుడూ అత్యవసర సామగ్రి పెట్టె సిద్ధం చేసుకోవాలని ఢిల్లీలోని జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ చెబుతున్నది. టార్చిలైటు, బ్యాటరీలు, రేడియో, ప్రథమ చికిత్స మందులు, ఎండు తిండి, నీరు, తడవని సంచిలో ముఖ్యమైన కాగితాలు - జాబితా సబబైనదే. అయితే అందులో అన్నిటికంటె బరువైనది, అన్నిటికంటె అశ్రద్ధకు గురయ్యేది నీరు. మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల చొప్పున, నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 48 లీటర్లు. అంటే ఇరవై లీటర్ల డబ్బాలు రెండు నిండి, మూడవది సగం వరకు రావాలి. ఇది త్రాగడానికీ, కాస్త వంటకూ మాత్రమే. తుపాను హెచ్చరిక వెలువడగానే స్నానాల గదిలోని బకెట్లు, వంటింటి గిన్నెలు కూడా నింపుకున్నవారే గట్టెక్కుతారు. తిండికి బెంగాలీలు తరతరాలుగా నమ్ముకున్నవి అటుకులు, బెల్లం. మనకూ అవి కొత్త కావు. పొయ్యితో పని లేదు.

పెట్టెలో ఓఆర్‌ఎస్ పొట్లాలు మరువరాదు. వాటి కథ కూడా ఈ ప్రాంతానిదే. 1971లో తూర్పు బెంగాల్ శరణార్థులు సాల్ట్ లేక్ మైదానంలో పెద్ద పెద్ద సిమెంటు గొట్టాలలో తలదాచుకున్నారు. అదే సంవత్సరం బొంగావ్ శిబిరంలో సెలైను నిండుకొనగా, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని త్రాగించి వేలాది కలరా రోగులను బ్రతికించారు. ఆ పొట్లాన్ని కలపడానికైనా ముందు శుభ్రమైన నీరుండాలి కదా!

తెలుగువారికి ఈ పాఠం వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది ప్రాణాలు పోయాయి. నేడు హెచ్చరికలు రోజుల ముందే అందుతున్నాయి. తీరవాసులను లక్షల సంఖ్యలో తరలించగలుగుతున్నారు. ప్రభుత్వ యంత్రాంగానికి దక్కవలసిన ప్రశంస ఇది. కాని 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖలో పాలకూ, నీళ్లకూ, పెట్రోలుకూ బారులు తీరాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మేడలపై చిక్కుకున్నవారికి డ్రోన్లతో ఆహారం జారవిడిచారు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం సహాయ శిబిరాలలో తిండి, నీరు, వైద్యం, పారిశుద్ధ్యాలకు కనీస ప్రమాణాలు నిర్దేశించమంటున్నది. సొంత ఇంటి మూడవ అంతస్తులో చీకటిలో కూర్చున్న వృద్ధ దంపతులు ఏ శిబిరం లెక్కలోకీ రారు. వారికి ఢిల్లీ ఇచ్చినది జాబితా మాత్రమే. ఇక సాల్ట్ లేక్ పక్కనే వున్న దత్తాబాద్ బస్తీలో ఒంటిగది కాపురాలకు 48 లీటర్ల నీరు దాచే చోటేది? అదనపు బ్యాటరీలు కొనే డబ్బేది? రేషన్ దుకాణాల ద్వారా మూతగల నీటి డబ్బా, టార్చిలైటు, క్లోరిన్ బిళ్లలు తీర జిల్లాల కార్డుదారులకు ముందే పంపిణీ చేయవచ్చును. ఒక విహంగ వీక్షణానికి జరిగే హడావిడిలో పదో వంతైనా దీనికి అవసరముండదు.

ఆ పని జరిగే వరకు మాత్రం బంగాళాఖాతం క్యాలెండరునే నమ్ముకోవాలి. తుపానులు ముఖ్యంగా రెండు రుతువులలో వస్తాయి: ఏప్రిల్ నుండి జూన్ వరకు, మళ్లీ అక్టోబరు నుండి డిసెంబరు వరకు. కనుక ఉగాది పనులలో ఒకసారి, దసరా సెలవులలో మరొకసారి పెట్టె తెరచి, గడువు దాటిన మందులు తీసివేసి, అటుకులు మార్చి, బ్యాటరీలు పరీక్షించి, డబ్బాలు కడిగి కొత్త నీరు పట్టాలి.