కదలని సీటులో లోపం ఎక్కడ?

బస్సు డ్రైవరు తన స్థానంలో కూర్చోగానే సీటు కింద ఉన్న మీటను పట్టుకొని సీటును కాస్త ముందుకో వెనక్కో జరుపుకోవడం మీరు గమనించే ఉంటారు. బ్రేకు, క్లచ్‌లు కాలికి సరిగ్గా అందకపోతే బండిని అదుపు చేయడం కష్టం. కొన్ని కార్లలో ఈ పనిని చేతితో గాక విద్యుత్ మోటారుతో చేస్తారు. 1955లో వచ్చిన ఫోర్డ్ థండర్‌బర్డ్ కారులో ఇలాంటి సీటు ఉండేది. 1989లో వచ్చిన మెర్సిడెస్ ఎస్.ఎల్. అనే స్పోర్ట్స్ కారులో దీని స్విచ్‌ను తలుపు మీద, చిన్న సీటు ఆకారంలో అమర్చారు. ఆ బొమ్మలో ఏ భాగాన్ని జరిపితే సీటులో ఆ భాగం కదులుతుంది.

ఆ కార్లు ఇప్పుడు పాతబడ్డాయి. సీట్లు మొరాయిస్తున్నాయి. సీటు కదలకపోతే చాలామంది “మోటారు కాలిపోయింది” అని తేల్చేస్తారు. కొత్త మోటారు తెచ్చి బిగించినా ఒక్కోసారి సీటు కదలదు. లోపం మరోచోట ఉండడమే దీనికి కారణం.

ఇలాంటి కారు మన ఆత్మకూర్ వీధుల్లో మీకు కనిపించకపోవచ్చు. కాని ట్రాక్టరు ఇంజనును తిప్పి మొదలుపెట్టే స్టార్టర్ మోటారు, జీపు అద్దాన్ని తుడిచే వైపర్ మోటారు మీకు తెలిసినవే. వాటికీ ఈ సీటుకూ ఆధారం ఒక్కటే: సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ, స్విచ్, తీగలు, మోటారు. కాబట్టి సీటులో లోపం వెదికే పద్ధతి తెలిస్తే వాటిలోనూ వెదకవచ్చు.

సీటు కింద ఏముంది?

సీటు కింద పిడికిలి అంత మోటారు ఉంటుంది. అది చాలా వేగంగా తిరుగుతుంది. సీటు మాత్రం నెమ్మదిగా, బలంగా కదలాలి. అందుకని మోటారుకు పళ్ళ చక్రాలు, పొడవైన మర ఉన్న కడ్డీ జోడిస్తారు. మర ఒక చుట్టు తిరిగితే సీటు కొన్ని మిల్లీమీటర్లే జరుగుతుంది. వేగం తగ్గి బలం పెరుగుతుంది. ఆత్మకూర్‌కు దగ్గరలో కృష్ణానదిపై ఉన్న జూరాల ప్రాజెక్టు గేట్లను ఎత్తేటప్పుడు కూడా మోటారు వేగాన్ని పళ్ళ చక్రాలే తగ్గించి బలంగా మారుస్తాయి.

సీటు రెండు పట్టాల మీద జరుగుతుంది. చాలా కార్లలో ఒకే మోటారు రెండు పట్టాలనూ నడుపుతుంది. మోటారు నుండి పట్టాల దాకా, వంగుతూనే తిరగగల ఉక్కు తీగలు ఉంటాయి. వీటిలో ఒకటి తెగినా, చోటు తప్పినా సీటు ఒక పక్కనే కదిలి వంకరగా ఇరుక్కుపోతుంది. అప్పుడు లోపం కరెంటులో లేదు, తీగలో ఉందన్నమాట.

ముందుకు పోతుంది, వెనక్కి రాదు

మోటారుకు రెండు తీగలు. ఒకటి బ్యాటరీ ధన ధ్రువానికి, రెండవది ఋణ ధ్రువానికి కలిపితే మోటారు ఒక దిశలో తిరుగుతుంది. తీగలను తారుమారు చేస్తే ఎదురు దిశలో తిరుగుతుంది. స్విచ్ చేసే పని ఈ తారుమారే. చాలా కార్లలో ఇనుప శరీరాన్నే ఋణ ధ్రువానికి దారిగా వాడతారు. మెకానిక్కులు దీన్ని “ఎర్త్” అంటారు.

సీటు ముందుకు పోతోంది గాని వెనక్కి రావడం లేదనుకోండి. ముందుకు పోతోంది గనుక బ్యాటరీ, ఫ్యూజు, మోటారు, ఎర్త్ అన్నీ బాగున్నట్లే. పట్టాలలో ఏదీ అడ్డుపడలేదని చూసుకుంటే, ఇక అనుమానించవలసింది స్విచ్‌నే. లోపల రాగి స్పర్శల మీద ఆకుపచ్చని చిలుము పట్టి ఉండవచ్చు. సన్నని గరుకు కాగితంతో గీకితే చాలు, మోటారు కొనే ఖర్చు తప్పుతుంది.

ఇదే విధంగా మిగతా లక్షణాలూ చూద్దాం. సీటులో ఏ భాగమూ కదలకపోతే అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న ఫ్యూజును, ఎర్త్‌ను చూడాలి. ఒక్క భాగమే కదలకపోతే దాని స్విచ్‌ను, తీగలను, మోటారును చూడాలి. మోటారు చప్పుడు వినిపిస్తూ సీటు కదలకపోతే పళ్ళ చక్రం అరిగి ఉండాలి, లేదా ఉక్కు తీగ జారి ఉండాలి. స్విచ్ నొక్కినప్పుడు కారులోని దీపాలు కొద్దిగా మందగించి, సీటు కదలకపోతే మోటారుకు కరెంటు అందుతోంది గాని ఏదో పట్టేసిందని అర్థం. పాత గ్రీజులో దుమ్ము కలిసి గట్టిపడితే ఇలా జరుగుతుంది. దాన్ని కిరసనాయిలుతో కడిగి, ఆరిన తరువాత కొత్త గ్రీజు పూయాలి.

బల్బు వెలిగినా నమ్మవచ్చా?

ఇంట్లో వాడే నియాన్ టెస్టరు 12 వోల్టులకు వెలగదు. అందుకని మెకానిక్కులు ఒక బల్బుకు రెండు తీగలు కట్టి పరీక్షిస్తారు. మోటారు తీగలు ఊడదీసి, వాటి మధ్య బల్బు పెట్టి స్విచ్ నొక్కితే అది వెలిగిందనుకోండి. “కరెంటు వస్తోంది, మోటారే పోయింది” అనవచ్చా? తొందరపడకూడదు. ఓం సూత్రంతో లెక్క వేద్దాం.

లెక్క సులువుగా ఉండడానికి, మోటారు 12 వోల్టుల వద్ద 6 ఆంపియర్లు తీసుకుంటుందనీ, దాన్ని 2 ఓముల నిరోధంగా భావించవచ్చనీ అనుకుందాం. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు వద్ద మరో 2 ఓములు చేరింది. మొత్తం 4 ఓములు. కరెంటు 3 ఆంపియర్లకు పడిపోతుంది. మోటారుకు అందేది 6 వోల్టులే. సీటును కదిలించే బలం దానికి ఉండదు.

ఇప్పుడు మోటారు స్థానంలో 5 వాట్ల బల్బు పెడదాం. అది తీసుకునే కరెంటు 0.4 ఆంపియరు మాత్రమే. తుప్పు వద్ద పోయేది 0.8 వోల్టు. బల్బుకు 11.2 వోల్టులు మిగులుతాయి గనుక దాదాపు నిండుగా వెలుగుతుంది. అదే బండ్ల ఇండికేటర్లలో వాడే 21 వాట్ల బల్బు పెడితే దానికి అందేది 9.3 వోల్టులే. స్పష్టంగా మసకబారుతుంది. తక్కువ కరెంటుకు దాగిన లోపం ఎక్కువ కరెంటుకు బయటపడుతుంది. వోల్టుమీటరు ఉంటే మోటారు తీగలు కలిపి ఉంచి, స్విచ్ నొక్కుతూ కొలవాలి. మోటారు ఎర్త్ తీగకూ బ్యాటరీ ఋణ ధ్రువానికీ మధ్య సున్నాకు దగ్గరగా రావాలి. ఐదారు వోల్టులు చూపిస్తే దోషం ఆ దారిలోనే ఉంది.

ఫ్యూజు బదులు తీగ వేయకండి

పొలాల దగ్గర ఫ్యూజు పోతే చేతికి దొరికిన లావు తీగను చుట్టడం మన ప్రాంతంలో చూస్తుంటాం. అది ప్రమాదం. సీటు ఇరుక్కుపోతే మోటారు తిరగలేక ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కరెంటు మూడింతలైతే వేడి తొమ్మిదింతలు. ఫ్యూజు కరిగి తీగలను కాపాడుతుంది. దాని స్థానంలో లావు తీగ ఉంటే సీటు కింది తీగల తొడుగు కాలి కారుకే నిప్పంటుకోవచ్చు. ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతోందంటే కారణం వెదకాలి గాని ఫ్యూజును తప్పుపట్టకూడదు.

ఋణ ధ్రువం ఇనుముకు కలిసి ఉన్న కార్లలో, సీటు విప్పేముందు బ్యాటరీ ఋణ ధ్రువపు తీగనే మొదట ఊడదీయాలి. ధన ధ్రువాన్ని ముందు విప్పబోతే, పానా కారు ఇనుముకు తగిలి పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. ఋణ ధ్రువం ఎలాగూ ఇనుముకే కలిసి ఉంది గనుక, దాన్ని విప్పేటప్పుడు పానా తగిలినా ఏమీ కాదు. మరొక హెచ్చరిక: కొన్ని కార్ల సీటులోనే ప్రమాదంలో ఉబ్బే గాలిసంచి ఉంటుంది. దాని తీగలకు సాధారణంగా పసుపు తొడుగు వేస్తారు. వాటికి బల్బుగాని మీటరుగాని తగిలించకూడదు. సంచి ఒక్కసారిగా పేలి గాయపరచవచ్చు. అది శిక్షణ పొందిన మెకానిక్కు పని.

మీరే చేసి చూడండి

రెండు టార్చి సెల్లులు, ఆటబొమ్మ మోటారు, ఎర్ర ఎల్.ఇ.డి., 100 ఓముల నిరోధకం, రెండు చివరలా చెక్కిన పొడవైన పెన్సిలు తీసుకోండి. సెల్లులను వరుసగా కలిపి మోటారును తిప్పండి. తీగలు తారుమారు చేసి దిశ మారడం చూడండి. తరువాత వలయం మధ్యలో పెన్సిలు గ్రాఫైటును చేర్చండి. మోటారు మందగిస్తుంది, లేదా ఆగిపోతుంది. ఇప్పుడు మోటారు తీసి, ఆ స్థానంలో నిరోధకాన్నీ ఎల్.ఇ.డి.నీ వరుసగా పెట్టండి. పెన్సిలు అలాగే ఉన్నా ఎల్.ఇ.డి. వెలుగుతుంది. వెలగకపోతే దాని కాళ్ళు తారుమారు చేయండి. ఈ ప్రయోగానికి ఇంటి కరెంటును గాని, బండి బ్యాటరీని గాని ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి.

పెన్సిలు ఒక్కటే అయినా మోటారు ఎందుకు ఆగింది, ఎల్.ఇ.డి. ఎందుకు వెలిగింది? పైన వేసిన లెక్కను చూసి జవాబు మీ నోటుపుస్తకంలో రాయండి.